పూత పూయని మూరెడు గోడ

మూడోసారి కూడా ఎవడో పూసేశాడు.

మేస్త్రి బాహా గుమ్మంలోనే ఆగిపోయి ఎదురుగోడ వంక చూశాడు. నిన్న సాయంత్రం తాను ఇంటికి వెళ్ళేటప్పుడు ఆ గోడ మధ్యలో మూరెడు పొడవు, మూరెడు వెడల్పు మేర పూత లేకుండా, లోపలి మట్టీ గడ్డిపరకలూ కనిపిస్తూ ఉన్నాయి. పొద్దున వచ్చి చూస్తే ఆ జాగా నున్నగా, తడితడిగా మెరుస్తోంది. ఆయనకు ఒళ్ళు మండిపోయింది. డెబ్భై మూడేళ్ళ వయసులో అంత కోపం మంచిది కాదని కూతురు రోజూ చెబుతూనే ఉంటుంది. చెప్పడం దాని పని, కోప్పడటం తన పని. సంచిలోంచి తాపీ తీసి, పూత ఆరకముందే దాని అంచుతో గీకడం మొదలుపెట్టాడు.

"మళ్ళీ మొదలుపెట్టారా?" అన్నాడు వెనక నుంచి ఇంజినీరు నౌఫల్.

"మొదలుపెట్టింది నేను కాదు సార్, మీరు."

నౌఫల్ రాజధాని రబాత్ నుంచి వచ్చినవాడు. ముప్పై నాలుగేళ్ళు, ఇస్త్రీ చొక్కా, చంకలో ఎర్ర ఫైలు. చెడ్డవాడేమీ కాదు. పనివాళ్ళలో ఒకడికి వడదెబ్బ తగిలితే తన కారులోనే ఆసుపత్రికి తీసుకెళ్ళిన మనిషి. కాకపోతే ఫైల్లో ఉన్నదే లోకంలో ఉందని నమ్ముతాడు.

"మేస్త్రీ, రేపే ప్రారంభోత్సవం. గవర్నరు గారు వస్తున్నారు. పారిస్ నుంచి పెద్దలొస్తున్నారు. తలుపు తీయగానే అందరి కళ్ళూ పడేది ఈ గోడ మీదే. సరిగ్గా అక్కడే పని మానేసి టీ తాగడానికి పోయినట్టుంటే ఏం బాగుంటుంది?"

"బాగుండటానికి వదల్లేదు. వదలమన్నారు కాబట్టి వదిలాను."

"ఎవరు వదలమన్నది?"

"మా నాన్న."

"ఆయన పోయి ఎన్నేళ్ళయింది?"

"యాభై తొమ్మిది. అయినా ఇంతవరకూ మాట మార్చలేదు."

నౌఫల్ నెత్తి కొట్టుకుని ఫైలు తెరిచాడు. "ఇదుగో, 'గోడలన్నిటికీ పూర్తిగా పూత వేయవలెను' అని ఉంది. పూర్తిగా అంటే పూర్తిగానే. పని మిగిలిపోయిందని పైవాళ్ళు సంతకం పెట్టకపోతే మీరొచ్చి సమాధానం చెబుతారా?"

"యూదుల దగ్గర పని చేస్తే గుమ్మానికి ఎదురుగా మూరెడు జాగా వదిలెయ్యాలి. మా నాన్న వదిలాడు, ఆయన నాన్నా వదిలాడు. ఎందుకని అడక్కురా, అది వాళ్ళ పద్ధతి అన్నాడు. నేను అడగలేదు. మీరూ అడక్కండి."

"నేను అడగటం లేదు, పూయిస్తున్నాను."

"నేనూ అడగటం లేదు, గీకుతున్నాను."

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది వ్యవహారం. ఇందులో చెవిటివాడెవరో, ఊదేవాడెవరో చూసేవాళ్ళకు తెలిసేది కాదు. పనివాళ్ళు ఖర్జూరాలు నములుతూ గోడకానుకుని చోద్యం చూస్తున్నారు.

ఐత్ ఉస్కార్‌లో యూదుల వాడ ఖాళీ అయి అరవై ఏళ్ళు దాటింది. ఒక వసంతంలో రెండు బస్సులొచ్చాయి, జనం మూటలు కట్టుకుని ఎక్కారు, అంతే. తర్వాత తలుపులు కొందరు పీక్కుపోయారు, దూలాలు కొందరు మోసుకుపోయారు, మిగిలినదాన్ని వానలు తిన్నాయి. ద్రా లోయలో వాన తక్కువే. కప్పులేని మట్టిగోడకు ఆ తక్కువే ఎక్కువ. కిందటేడు పాత కట్టడాలను కాపాడే సంఘమంటూ ఒకటి వచ్చి, యూదులు ప్రార్థన చేసుకునే సలా ఈ ఊళ్ళో ఎక్కడుండేది, చూపిస్తే మళ్ళీ నిలబెడతాం అన్నప్పుడు ఊరంతా ఒకే మాట చెప్పింది, బాహాను అడగండి అని.

ఎందుకంటే ఆ సలా లోపల కాలు పెట్టినవాడు ఊళ్ళో ఆయనొక్కడే. యూదుల వాడకు వేరే ద్వారం ఉండేది. ముస్లిములు వాళ్ళ కొట్లకు వెళ్ళేవాళ్ళు, సంతలో బేరాలాడేవాళ్ళు. ఇళ్ళల్లోకి వెళ్ళాల్సిన పని మేస్త్రీలకు తప్ప ఎవరికుంటుంది? బాహా పదకొండేళ్ళ వయసులో నాన్న హమ్మూతో వెళ్ళి అక్కడ గోడలు పూశాడు. శుక్రవారం సాయంత్రం పని ముగించుకుని ఇంటికొచ్చాక, తాపీ మరిచిపోయానంటూ నాన్న వెనక్కి పంపాడు. వెళ్ళేసరికి తలుపు ఓరగా తీసి ఉంది. లోపల దీపాలు. మగవాళ్ళు ఉతికిన బట్టల్లో నిలబడి ఉన్నారు. ఒక ముసలాయన వెండి గిన్నె ఎత్తి పట్టుకుని ఏదో చదివాడు, ఆ వెంటనే అందరూ గొంతెత్తి పాడారు. బాహా తాపీ సంగతే మరిచిపోయాడు. అంత అందమైన ప్రార్థన తన జన్మలో వినలేదు. ఈ ముచ్చట ఆయన సంఘంవాళ్ళకు చెప్పాడు, పత్రికలవాళ్ళకు చెప్పాడు, టీకొట్టులో ఎవరు దొరికితే వాళ్ళకు చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ ఇంకో దీపం చేరుతోందని ఆయన మీద ఊళ్ళో ఓ పరాచికం. ఫైల్లో మొదటి పేజీలోనే రాసుకున్నారు, ప్రత్యక్ష సాక్షి, మేస్త్రి బాహా అని.

ఆ రెండు మాటలే ఆయన నిద్ర చెడగొట్టాయి. తాను చూసింది చూసినట్టు కడితే వాళ్ళ సలా ఉన్నది ఉన్నట్టు నిలబడుతుంది. తాను తప్పితే అది ఇక ఎప్పటికీ తప్పే, దిద్దడానికి ఇంకో సాక్షి లేడు. అందుకని మూరెడు జాగా దగ్గర కూడా ఆయన వెనక్కి తగ్గే ప్రశ్నే లేదు.

మట్టి దగ్గరా ఇలాగే గొడవైంది. ఏటి ఒడ్డు నుంచి కొత్త మట్టి లారీలతో తోలిస్తానన్నాడు నౌఫల్. కొత్త మట్టి మాట వినదు, బీటలు తీస్తుంది. ఎన్నో వానలు తిన్న పాత గోడను తవ్వి, ఆ మట్టినే నానబెట్టి, గడ్డి కలిపి, తొక్కి, చెక్క పలకల మధ్య పోసి దిమ్మిసతో కొడితే ఆ గోడ మళ్ళీ నూరేళ్ళుంటుంది. ఈ లోయలో మేస్త్రీలు తాతలనాటి నుంచీ చేసేది అదే. పక్కనే సగం కూలిన గడ్డి కొట్టం ఒకటి ఉంది. ఎవరిదో ఎవరికీ గుర్తులేదు. దాని వీధివైపు గోడ మొత్తం బాహా తవ్వించి ఇక్కడికి మోయించాడు. వేలితో నలిపితే మైదాలా ఉండే మట్టి. నౌఫల్‌కూ సంతోషమే. మిగిలిన మూడు గోడలు ట్రాక్టరుతో తోసేస్తే గవర్నరు గారి కార్లు నిలపడానికి చోటు దొరుకుతుంది. రేపు పొద్దున్నే ట్రాక్టరు వస్తుంది కూడా. పదకొండు నెలల్లో వాళ్ళిద్దరికీ మాట కుదిరింది ఆ ఒక్క విషయంలోనే.

మధ్యాహ్నం బస్సు దిగి ఒకావిడ వచ్చింది. డెబ్భై ఏళ్ళుంటాయి. పొట్టి మనిషి, తలకు పూల రుమాలు, చేతిలో బరువైన సంచి. పేరు ఫ్రేహా అబిస్రూర్ అనీ, ఈ ఊళ్ళోనే పుట్టాననీ, పత్రికలో చదివి వచ్చాననీ చెప్పింది.

నౌఫల్ కంగారుపడ్డాడు. పెద్దావిడ కాబట్టి లల్లా అని మర్యాదగా పిలిచాడు. "మీకు మా ఆహ్వానం అందలేదా లల్లా? పారిస్‌కి రాశాం, మాంట్రియల్‌కి రాశాం, ఎవ్వరినీ వదల్లేదే!"

"నేనుండేది కాసాబ్లాంకాలో నాయనా. ఒక్క బస్సు దూరం. మాంట్రియల్‌కి ఉత్తరం రాస్తే నాకెట్లా అందుతుంది?"

ఆమె గడప దాటి రెండడుగులు వేసి ఆగిపోయింది. సంచి కింద పెట్టింది. సగం గీకిన ఆ మూరెడు జాగా వంక చూస్తూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. బాహా ఛాతీ పొంగింది. ఇప్పుడేమంటారు అన్నట్టు నౌఫల్ వైపు తిరిగాడు.

"దీన్ని వదిలిందెవరు?" అందామె.

"నేనే లల్లా. ఈయన పూయించడం, నేను గీకడం. వారం రోజులుగా ఇదే భాగోతం."

"నువ్వెవరు?"

"మేస్త్రి హమ్మూ కొడుకుని, బాహా."

"ముక్కు కార్చుకుంటూ అడుసు తొక్కేవాడివి, నువ్వేనా?"

"ముక్కు కారేది మా తమ్ముడికి," అన్నాడు బాహా గంభీరంగా.

"ఎవరికైతేనేంలే, నూరేళ్ళు బతకాలయ్యా నువ్వు! ఇంత గుర్తు పెట్టుకుని వదిలావే! మా నాన్న ఉండుంటే నీ చేతులు కళ్ళకద్దుకునేవాడు." రుమాలు కొసతో కళ్ళు తుడుచుకుంది. "మా ఇంటిని మళ్ళీ నిలబెట్టావు."

"అవును లల్లా, ఒక విధంగా ఇది మీ అందరి ఇల్లూ," అన్నాడు నౌఫల్. రేపటి ఉపన్యాసంలో కూడా ఆ వాక్యం ఉంది.

"అందరిదీ ఎట్లా అవుతుంది? మాది. వెండి పనిచేసే యాయిష్ ఇల్లు. సంత వీధిలో కొట్టు, ఇక్కడ ఇల్లు. అదుగో ఆ మూల మా నాన్న కూర్చునేవాడు. ముందు ఇల్లు బాగుచేసి తర్వాత సలా పని పెట్టుకున్నారేమో అనుకున్నాను. సలా ఎప్పుడు చేస్తున్నారు?"

నౌఫల్ చంకలోని ఫైలు రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"ఇదే సలా," అన్నాడు నౌఫల్ చివరికి.

"ఎవరు చెప్పారు?"

నౌఫల్ బాహా వంక చూశాడు. పనివాళ్ళూ బాహా వంకే చూశారు.

"నేను కళ్ళారా చూశాను లల్లా," అన్నాడు బాహా. గొంతు మాత్రం అప్పటికే కొంచెం తగ్గింది. "శుక్రవారం సాయంత్రం. ముసలాయన వెండి గిన్నె ఎత్తి ప్రార్థన చదివాడు. అందరూ నిలబడి పాడారు."

"అది భోజనమయ్యా!" అంది ఫ్రేహా. "శుక్రవారం రాత్రి భోజనం! గిన్నెలో ఎండుద్రాక్ష రసం. మా తాత దీవెన చదివితే గానీ మాకు ముద్ద పెట్టేవాళ్ళు కాదు. ఆయనకు రాగం తీయడం మహా సరదా. నేను ఆకలికి ఏడుస్తూ కూర్చునేదాన్ని. అయినా సలాలో మూరెడు ఎవరు వదులుతారు? ఎప్పుడో రెండు వేల ఏళ్ళ కిందట మా పెద్ద గుడిని, మా దేవుడి ఇంటిని తగలబెట్టారు. ఆయన ఇల్లు అట్లా ఉంటే మన ఇల్లు నిండుగా ఉండకూడదని, ఎవరింట్లో వాళ్ళు గుమ్మానికి ఎదురుగా మూరెడు వదిలేస్తాం. అది కొంపల్లో! దేవుడి దగ్గర ఎవరైనా లోటు పెడతారా?"

మూరెడు విషయంలో బాహా చెప్పిందే నిజమని తేలింది. అది తేలడంతోటే ఇల్లంతా అబద్ధమైపోయింది.

ఫ్రేహా ఊరుకోలేదు. గోడలకు బిగించిన, మూడు భాషల్లో పేర్లు రాసిన పలకలు ఆమె కంటబడ్డాయి. "స్త్రీల ప్రార్థనా స్థలమా? ఇది మా అమ్మ వంటిల్లు. ఆ మూల రాళ్ళకు మసి కనబడలేదా?"

"దీపాల మసి అని నిపుణులు రాశారు లల్లా..."

"దీపాల మసికి ఇంత జిడ్డుంటుందా? మీ నిపుణులు ఎప్పుడైనా వంటింట్లోకి వెళ్ళారా?" పెరట్లోకి నడిచి ఇంకో పలక చదివింది. "పవిత్ర స్నానాల తొట్టి! ఇందులో మా అమ్మ ఉన్ని ఉతికేది. శుక్రవారం మధ్యాహ్నం మా ఐదుగురినీ వరసగా ముంచి తోమేది. పవిత్రమేలే, తోమేటప్పుడు ఆవిడ దేవుణ్ణి పిలవని క్షణం లేదు."

నౌఫల్ తొట్టి గట్టు మీద కూలబడ్డాడు. "మేస్త్రీ, మీరు ప్రత్యక్ష సాక్షి!" అన్నాడు, ఏడుపొక్కటే తక్కువగా.

మరి సలా ఎక్కడ అని నౌఫలే అడిగాడు. ఫ్రేహా సంచి అందుకుని, వాళ్ళను వీధిలోకి తీసుకొచ్చి, ఎడమకు తిరిగి, పది అడుగులు నడిచి, గడ్డి కొట్టం ముందు నిలబడింది. గోడ ఉండాల్సిన చోట పారతో చెక్కిన మొదలు మాత్రం మోకాలెత్తున మిగిలి ఉంది. లోపల గడ్డి మోపులూ, విరిగిన గంపలూ.

"ఇక్కడ గోడ ఉండాలే," అందామె. "వీధివైపు గోడేదీ?"

కిందటేడు పని మొదలైన రోజున తొంభై ఏళ్ళ ఇత్తో అత్త కర్ర పొడుచుకుంటూ వచ్చి, "ఒరే బాహా, శనివారం పొద్దున్నే వాళ్ళంతా ఆ గడ్డి కొట్టంలోకి కదరా పోయేవాళ్ళు?" అంది. లోపలికి వెళ్ళింది నువ్వా నేనా అత్తా అని నలుగురిలో తాను ఆమె నోరు మూయించాడు. ఇత్తో అత్త ఈ వసంతంలో పోయింది. ఇప్పుడు ఆ మాట గుర్తుకొచ్చి బాహా సిగ్గుతో చచ్చిపోయాడు.

"ఆ గోడ మీ ఇంట్లో ఉంది లల్లా," అన్నాడు. "నేనే తవ్వి అక్కడ పెట్టాను."

ఆమెకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక చేతిలోని సంచి నేలకేసి కొట్టింది. "అరవై ఏళ్ళు వాన కూల్చలేకపోయింది కదా! మీరు బాగుచెయ్యడానికొచ్చి పదకొండు నెలల్లో కూల్చారా? దేశదేశాలకూ ఉత్తరాలు రాశారు, నిపుణుల్ని పిలిచారు, మూడు భాషల్లో పలకలు కొట్టించారు. ఈ కొట్టంలో ఒక్కసారి తొంగి చూడటానికి మీకేం రోగం?"

"గడ్డి ఉంది లల్లా," అన్నాడు నౌఫల్ సన్నగా.

"గడ్డి ఎక్కడుందో నాకు తెలుస్తూనే ఉంది," అందామె.

సాయంత్రం నౌఫల్ బాహాను పక్కకు పిలిచాడు. పాపం అతనికి ఆ పూటే పదేళ్ళు మీద పడ్డట్టుంది. ట్రాక్టరును వద్దన్నానని చెప్పాడు. కానీ ప్రారంభోత్సవం ఆపడం తన తాతతరం కూడా కాదన్నాడు. రేపు ఏమీ మాట్లాడకండి, ఇంట్లోనైనా దేవుడి మాట చదివారు కదా, అది ప్రార్థన కాదా ఏమిటి అన్నాడు.

"మరి ఆ కొట్టం?"

"తర్వాత మెల్లగా సరిచేద్దాం మేస్త్రీ. ఫైలు మార్చాలంటే మళ్ళీ సంఘం కూర్చోవాలి, పైకి పోవాలి. రెండు మూడేళ్ళు పడుతుంది."

"వీధి గోడ పోయింది. మిగిలిన మూడూ దేన్ని పట్టుకుని నిలబడతాయి? ఒక్క వానాకాలం కూడా ఆగవు."

"ఫైల్లో లేనిదాన్ని నేనెట్లా కాపాడను, మీరే చెప్పండి!"

బాహా తాపీ సంచిలో వేసుకున్నాడు. ఇంటికొచ్చి కూతురు పెట్టిన రొట్టె తుంచి పక్కన పెట్టాడు. బాహా కట్టిన గోడ వంగదు, బాహా చెప్పిన మాట వంగదు అని ఈ లోయలో ఓ మాట ఉంది. యాభై ఏళ్ళుగా పెళ్ళిళ్ళలో, పంచాయితీల్లో ఆ మాట మీదే ఆయనకు ముందు వరసలో పీట వేశారు. రేపు నోరు మూసుకుంటే ఆ పీటకు ఢోకా లేదు. ఆ ముసలావిడ మాట ఎవరు నమ్ముతారు? ఊరొదిలినప్పుడు తొమ్మిదేళ్ళ పిల్ల. నోరు మూసుకుంటే మాత్రం వాళ్ళు నిజంగా మొక్కిన చోటు వచ్చే చలికాలానికి మట్టిదిబ్బ అవుతుంది, ఆ దిబ్బకు సాక్షి తానే. అందులోనూ మొదటి గునపం వేసింది తానే. ఎటు తిరిగినా దారి లేక ఆయనకు తన మీద తనకే చిరాకొచ్చింది.

మర్నాడు వీధిలో తివాచీలు పరిచారు. కార్లన్నీ ఊరి బయట నూర్పిడి కళ్ళంలో నిలిపేసి, పెద్దలు బూట్లకు దుమ్ము కొట్టుకుపోతుండగా నడిచి వచ్చారు. ఆ దుమ్ము చూసినప్పుడల్లా నౌఫల్ మొహం వాడిపోయింది. శిలాఫలకం మీద ఆకుపచ్చ గుడ్డ కప్పి ఉంది. గవర్నరు పొడుగాటి మనిషి. ఉపన్యాసాలు అయ్యాక, గుడ్డ తీయబోయే ముందు వేడుక పెంచాలనుకున్నాడో ఏమో, "మన ప్రత్యక్ష సాక్షి ఎక్కడ? మేస్త్రీ, ఇలా రండి. ఇక్కడ వాళ్ళు ఎట్లా ప్రార్థన చేసేవాళ్ళో మీ నోటితోనే వినాలని ఉంది," అన్నాడు.

నౌఫల్ కళ్ళు మూసుకున్నాడు.

"ఇక్కడ చెయ్యలేదండి," అన్నాడు బాహా.

"అంటే?"

"ఇక్కడ వాళ్ళు అన్నం తిన్నారు. నేను పదకొండేళ్ళవాణ్ణి. నిలబడి పాడుతుంటే ప్రార్థన అనుకున్నాను. అదే అందరికీ చెప్పాను. చెప్పీ చెప్పీ నేనే నమ్మేశాను. తెలిసిన మనిషి ఒకావిడ వచ్చి కాదురా అంటే కసిరి పంపించాను. ఇది ఈ లల్లా వాళ్ళ ఇల్లు. వాళ్ళ సలా అదుగో, ఆ గడ్డి కొట్టం. దాని గోడ తవ్వి ఈ ఇంటికి మట్టి తెచ్చింది కూడా నేనే. తప్పు నాది. ఇంజినీరు గారు నా మాట నమ్మడం తప్ప ఇంకేం చెయ్యలేదు."

అంతసేపు తలెత్తి మాట్లాడిన మనిషి అక్కడితో తల దించుకున్నాడు. జనంలో వెనక నుంచి మంగలి ఉదీర్ గొంతు వినబడింది, "దీపాలన్నీ ఒక్కసారే ఆర్పేశావేం మేస్త్రీ!" అని. కొందరు నవ్వారు. ఆ నవ్వు ఆయనకు చెప్పుదెబ్బలా తగిలింది.

గవర్నరు నౌఫల్ వైపు తిరిగాడు. "ఇది సలా కాదా?"

"ఫైలు ప్రకారం సలానే సార్."

"ఫైలు పక్కన పెట్టి చెప్పు."

నౌఫల్ ఫైలు వంకా, బాహా వంకా చూశాడు. "కాదు సార్," అన్నాడు.

"మరి దేన్ని ప్రారంభించమని నన్నింత దూరం నడిపించావు?"

అప్పుడు ఫ్రేహా కుర్చీలోంచి లేచింది. "అందరూ అట్లా నిలబడ్డారేం? మా ఇంటికొచ్చారు, కూర్చోండి. అమ్మాయిలూ, టీ పొయ్యండి. యాయిష్ ఇంటికొచ్చి ఎవరూ ఉత్త నోటితో పోలేదు." సంచిలోంచి కాసాబ్లాంకా నుంచి తెచ్చిన బాదం బిళ్ళల డబ్బా తీసి మొదట గవర్నరు ముందే పెట్టింది. పెద్దావిడ పెడితే కాదనడం ఎవరికి చేతనవుతుంది? ఆయన కూర్చున్నాడు. ఆయన కూర్చునేసరికి పారిస్ పెద్దలు కూర్చున్నారు. రెండో గ్లాసు టీ తాగాక ఆయన నౌఫల్‌తో, "ఆ కొట్టం మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు, పైన కప్పు లాంటిదేదైనా వెంటనే వేయించు, రాసుకో," అన్నాడు. నౌఫల్ ఎర్ర ఫైలు తెరిచి రాసుకున్నాడు. ఫైల్లోకి ఎక్కింది కాబట్టి ఆ కొట్టం ఇక లోకంలో ఉన్నట్టే. శిలాఫలకాన్ని గుడ్డతో సహా ఇద్దరు పనివాళ్ళు మోసుకుపోయారు.

కార్లు వెళ్ళిపోయిన తర్వాత బాహా తన చెక్క పలకలూ తాడూ తీసుకుని కొట్టం దగ్గరికి వచ్చాడు. ఫ్రేహా అప్పటికే అక్కడ వీధిలో నిలబడి ఉంది. పరువు పోయిన సంగతి ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

"ఇల్లు అలకగానే పండగ కాదయ్యా," అందామె. "ఇప్పుడేం చేస్తావు?"

"వీధి గోడ లేపుతాను. కొత్త మట్టితోనే, ఇంకేం చేస్తాం. ఇరవై రోజులు నాననిచ్చి, దాని పొగరు దించి, అప్పుడు మొదలుపెడతాను. ఈసారి అన్నీ మిమ్మల్ని అడిగే చేస్తాను. చెప్పండి, లోపల ఏది ఎక్కడుండేది? చదివే బల్ల ఎటు? మీ పవిత్ర గ్రంథం చుట్టలు దాచే అలమర ఎటు?"

ఫ్రేహా రుమాలు సర్దుకుంది. గడ్డి మోపుల వంక చూసింది.

"నేనెప్పుడూ లోపలికెళ్ళలేదు," అంది.

"ఏమిటీ?"

"ఆడవాళ్ళం వీధిలో నిలబడేవాళ్ళం. మా అమ్మ, పిన్ని, నేను. లోపల మగవాళ్ళకే చోటు చాలేది కాదు. కిటికీలోంచి ఎంత కనబడితే అంతే చూసేదాన్ని."

"ఏ కిటికీ?"

"వీధి గోడకుండేది."

బాహా తాడు కింద పడేశాడు. తల గోడకేసి కొట్టుకుందామంటే ఆ గోడా లేదు. పాత బొంత పీకినట్టు ఆ గోడను పీకించిన రోజున మధ్యలో ఎప్పుడో ఎవరో మట్టితో పూడ్చిన చోట అడ్డంగా ఒక పుచ్చిన చెక్క వచ్చింది, దాన్ని పొయ్యిలోకి పంపాడు. అది కిటికీ గడప అని ఇప్పుడు తెలుస్తోంది. చూసినవాళ్ళలో మిగిలింది ఈమె ఒక్కతే. ఈమె చూసిన కంతను తాను పూడ్చను కూడా లేదు, మాయం చేశాడు. పనివాళ్ళ ముందు ఎన్నడూ తడవని కళ్ళు ఆమె ముందు తడిశాయి.

"ఏడ్చేది తర్వాత ఏడువు," అంది ఫ్రేహా. "వీధి ఉంది కదా. వీధిని తవ్వలేదు కదా నువ్వు?"

ఆమె గోడ మొదలు వెంబడి మెల్లగా నడిచింది. రెండుసార్లు ఆగి, తల అడ్డంగా ఊపి, మళ్ళీ నడిచింది. దుమ్ములో కూరుకుపోయిన చదును రాయి ఒకటి కాలికి తగిలితే బూటుతో దాని చుట్టూ మట్టి తోసింది. రాయి మధ్యలో అరిగి గుంటపడి ఉంది.

"ఇదే. దీని మీద ఎక్కి చూసేదాన్ని."

బాహా చెంపలు తుడుచుకుని ఒక పలక తీసుకున్నాడు. గోడ మొదలు దాటి లోపలికెళ్ళి, ఆమెకు ఎదురుగా పలకను అడ్డంగా పట్టుకున్నాడు. "కిటికీ గడప ఎంత ఎత్తులో ఉండేది?"

"నా గడ్డం దాకా."

"ఇప్పటి గడ్డమా, అప్పటి గడ్డమా?"

"అప్పటిదేనయ్యా, ఇప్పుడు కొలిస్తే ఏం లాభం?" ఆమె రాయి మీదికి ఎక్కింది. పలక అంచు పట్టుకుని, మోకాళ్ళు కటకటమంటుంటే కొద్దికొద్దిగా వంగింది. "ఇంకా కిందికి. ఇంకొంచెం. అబ్బ, నా నడుము! ఇంకొంచెం... ఆఁ, అక్కడ ఉంచు. కదిలావంటే చంపుతాను."

బాహా మోకాళ్ళ మీద కూర్చుని పలకను బిగించి పట్టుకున్నాడు. తొమ్మిదేళ్ళ పిల్ల ఎత్తుకు దిగిన ఆమె గడ్డం పలక మీద ఆనింది.

"ఎదురుగా అలమర," అంది. "నీలం తెర. తెర కొస చిరిగి ఉండేది, మా పిన్ని కుడతానని ఎన్నడూ కుట్టలేదు. ఇటుపక్క బల్ల. బల్ల పక్కన మా నాన్న..."

ఆగిపోయింది.

"మీ నాన్న ఎక్కడ?" అన్నాడు బాహా.

"కనబడటం లేదు. నీ తల అడ్డం. జరుగు."

ఆయన పలక కదలకుండా పట్టుకుని, మోకాళ్ళ మీదే పక్కకు జరిగాడు.